ఎత్తి ఉంచిన మడమ

గిటార్ సార్ చనిపోయాడన్న కబురు నాకు బుకింగ్‌గా వచ్చింది.

హనుమకొండలో నా మైకు సెట్టు షాపు షట్టరు అప్పుడే ఎత్తాను. స్కూటర్ మీద ఒకాయన వచ్చి, దిగకుండానే, ఇంజను ఆపకుండానే అన్నాడు: "అన్నా, రేపు పదకొండింటికి సెట్టు కావాలె. రెండు బాక్సులు, రెండు మైకులు. మడికొండకు."

పెళ్ళా అని అడిగాను.

"కాదే, మట్టి. మన గిటార్ సార్ పోయిండు గద నిన్న సాయంత్రం. పాస్టర్ గారు మాట్లాడుతరు, పాటలుంటయి. ఎకో మాత్రం మంచిగ పెట్టాలె అన్నా. మస్తు ఎకో ఉంటేనే జర గంభీరంగ ఉంటది."

మనిషి పోయాడన్న మాటా, ఎకో మస్తుగా పెట్టమన్న మాటా ఒకే ఊపిరిలో వచ్చాయి. నాకు ముందు దుఃఖం రాలేదు. రోత పుట్టింది. సెట్టు ఖాళీ లేదు, పొమ్మన్నాను. నా వెనక గోడకు నాలుగు బాక్సులు వరసగా ఆనించి ఉన్నాయి. అతను వాటిని చూశాడు, నన్ను చూశాడు, "ఏమైందే నీకు పొద్దుపొద్దున్నే" అని గొణుక్కుంటూ ఇంకో షాపు వెతుక్కోవడానికి పోయాడు.

సార్ ఎవరో ఈ పత్రిక చదివే మీలో చాలామందికి తెలియకపోవచ్చు. కాజీపేటలో రైల్వే కొలువు, కరెంటు పని. ఇల్లు మడికొండలో. ఆదివారాలు చర్చిలో గిటార్ వాయించేవాడు, సాయంకాలాలు ఇంటి వరండాలో నేర్పేవాడు, పెళ్ళిళ్ళ సీజన్ వస్తే ఒక ఆర్కెస్ట్రాతో పరకాల నుంచి ములుగు దాకా తిరిగేవాడు. నేను ఆయన దగ్గర గిటార్ నేర్చుకోలేదు. నాకు సరిగమలు రావు. కానీ నా తలకు రెండు పక్కలా ఉన్నవి వినడానికి అని మొదట చెప్పింది ఆయనే.

ఆయన నా షాపుకు మొదటిసారి వచ్చింది తిట్టడానికి. డెబ్బైల చివర, నేను షాపు పెట్టిన కొత్త. ఊళ్ళో టేపు తిరిగే ఎకో మిషను నా ఒక్కడి దగ్గరే ఉండేది. ఆ మిడిసిపాటుతో దాన్ని అన్నింటికీ తగిలించేవాణ్ణి. పెళ్ళి మంత్రాలకు ఎకో, చదివింపుల పట్టీకి ఎకో, 'ఎవరివో చెప్పులు మారిపోయినవి' అన్న ప్రకటనకు కూడా ఎకో. అలాంటి ఒక పెళ్ళి మర్నాడు, చొక్కా జేబులో కలంతో పాటు టెస్టరు పెట్టుకున్న ఒక సన్నటి మనిషి వచ్చి షాపు ముందు నిలబడ్డాడు.

"నిన్న పెండ్లిల మైకు నీదేనా తమ్మీ?"

మెచ్చుకోవడానికి వచ్చాడనుకున్నాను. "నాదే సార్."

"అయ్యగారు ఒక్క మంత్రం సదివిండు. నాకు పదకొండు ఇనపడ్డయి. ఏ మంత్రానికి తాళి కట్టిండో ఆ పిలగానికన్న తెల్సా?" అని, "ఛీ" అన్నాడు.

ఆ ఛీ గురించి చెప్పాలి. అందరూ అనే ఛీ కాదది. పాలు విరిగిన గిన్నెలోకి చూసి ఇల్లాలు అనే ఛీ లాంటిది. మనిషి మీద కోపం ఉండేది కాదు, పాడైపోయిన పదార్థం మీద ఏవగింపు ఉండేది. ఆ తర్వాత పదేళ్ళలో ఆయన నోట ఆ మాట నేను కొన్ని వందల సార్లు విన్నాను. హారన్లు గీపెడితే ఛీ. సన్నాయి మీద డోలు ఎక్కి తొక్కితే ఛీ. పాడేవాడు మైకును నోట్లో పెట్టుకుంటే ఛీ. మైకు పనిచేస్తోందా లేదా అని ఎవరైనా ఉఫ్‌ఫని ఊదితే మాత్రం ఊరుకునేవాడు కాదు, వాళ్ళ దగ్గరకే పోయి, "ఊదొద్దు, అది పొయ్యి గాదు" అని చెప్పి వచ్చేవాడు.

తిట్టిపోయినవాడు మళ్ళీ వారం తిరక్కుండా వచ్చాడు. నా సెట్టులో గుయ్యిమనే రొద ఎక్కడి నుంచి వస్తోందో గంటసేపు వెతికి, ఒక తీగ విప్పి మళ్ళీ అతికి, పొగడ్త కోసం చూడకుండా టీ తాగి పోయాడు. అప్పటి నుంచి రావడం మానలేదు. నేను మడికొండకు పోవడమూ మానలేదు. ఆయన భార్యను అక్కా అని పిలిచేవాణ్ణి. ఆమె నన్ను తమ్మీ అనేది.

ఒక మధ్యాహ్నం సార్ నన్ను కోటకు తీసుకుపోయాడు. ఖుష్ మహల్ అనే పాత రాతి హాలు లోపల రెండు మేకలు తప్ప ఎవరూ లేరు. చెక్క గిటార్ ఒళ్ళో పెట్టుకుని ఒక్క తీగ మీటాడు. ఆ శబ్దం అవతలి గోడ దాకా పోయి, తిరిగి మా దగ్గరకు వచ్చింది.

"ఎన్నిసార్లొచ్చింది?"

"ఒక్కసారి సార్."

"ఎట్లొచ్చింది?"

"మెల్లగ."

"గదే. జవాబు ఎప్పుడు సవాలు కంటె మెల్లగ రావాలె. నీ మిషనుల సవాలు కంటె జవాబే ఎక్కువ లొల్లి పెడ్తది."

అప్పుడు ఒక పాట వాయించాడు. మాటలు లేని పాట, తను కట్టుకున్నదే. పెళ్ళయిన కొత్తలో అక్కను అక్కడికి తీసుకొచ్చి, ఆ గోడలు ఇచ్చే జవాబును బట్టి కట్టాడట. ఆ పాటలో ఖాళీలున్నాయి. ఒక వరస వాయించి ఆగుతాడు. ఆగినచోట గోడ వాయిస్తుంది. గోడ ముగించాక తను అందుకుంటాడు. ఇద్దరు కలిసి వాయించే పాట అది, అందులో ఒకరు గోడ.

"దీన్ని నలుగుట్ల, జనం ముందట వాయించాలె తమ్మీ. ఒక్కసారి చాలు. కానీ మైదానంల గోడ యాడ దొరుకుతది?" అన్నాడు.

ఆయన దగ్గర ఒక వాల్వుల ఆంప్లిఫయరు ఉండేది. కాజీపేటలో ఒక రైల్వే గార్డు రిటైరై ఊరు వదిలిపోతూ ఇచ్చింది. స్విచ్చి వేస్తే కాసేపటికి గాని నోరు విప్పదు. సగం దాకా పెంచితే నున్నగా పలుకుతుంది. ఇంకొంచెం పెంచితే గొంతుకు ఒక జీర వస్తుంది, జలుబు చేసి తగ్గిన మనిషి పాడినట్టు. సార్‌కు ఆ జీర ప్రాణం. అది లేకుండా వాయించమంటే ఉప్పు లేని అన్నం ముందు కూర్చున్నట్టు ముఖం పెట్టేవాడు.

ఎనభైల మొదట్లో బొంబాయి నుంచి తెలిసినవాళ్ళ చేత ఒక ఎకో డబ్బా తెప్పించుకున్నాడు. అరచేతిలో పట్టే ఇనుప డబ్బా, టేపూ లేదు గీపూ లేదు, కాలితో తొక్కితే ఎకో వస్తుంది. దొరికింది గోడ అని సంబరపడిపోయాడు. వరండాలో కూర్చుని గిటార్ తీగను డబ్బాలోకి, డబ్బా తీగను ఆంప్లిఫయరులోకి పెట్టాడు. సౌండు తక్కువగా ఉన్నంతసేపు బాగానే ఉంది. జీర వచ్చేదాకా పెంచాడో లేదో, అంతా బురదైంది. మెల్లగా రావలసిన జవాబు సవాలంత గట్టిగా వచ్చింది. దాని జవాబు దాని మీద, దాని మీద ఇంకోటి. వర్షాకాలం మండీలో లారీలు తిరిగిన చోటు ఎట్లా ఉంటుందో అట్లా ఉంది చెవులకు.

"ఛీ, ఛీ, ఛీ" అన్నాడు సార్. మూడుసార్లు అనడం అదే మొదలు.

ఎందుకట్లా అవుతోందో ఆయనే చెప్పాడు. ఆంప్లిఫయరు లోపల రెండు భాగాలుంటాయి. ముందుది గొంతుకు జీర తెస్తుంది. వెనకది దాన్ని పెద్దది చేసి స్పీకరుకు పంపుతుంది. జీర తెచ్చే భాగానికి చిన్నా పెద్దా తేడా లేదు, మెల్లగా వచ్చినదాన్ని కూడా పట్టి నలిపి పెద్దదానితో సమానం చేస్తుంది. అందుకని ఎకో దానికి ముందు ఉండకూడదు, ఆ రెండింటి మధ్య చేరాలి. కొన్ని విదేశీ ఆంప్లిఫయర్లకు వెనకవైపు అందుకోసమే రెండు రంధ్రాలుంటాయట. సార్ దానికి లేవు.

"కోసి పెడదాం సార్, రెండు రంధ్రాలేగా" అన్నాను.

"గార్డు సార్ ఇచ్చేటప్పుడు ఒక్కటే మాట తీసుకున్నడు, దీన్ని కొయ్యొద్దని. ఇగ దాని లోపల పాణం తీసే కరెంటున్నది. నువ్వు దాన్ని కోసే ముందు అదే నిన్ను కోస్తది."

మూడు సాయంత్రాలు ఆ డబ్బాతో కుస్తీ పట్టాడు. మూడో రోజు వంటింట్లోంచి అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏందా లొల్లి? ఇంట్ల మనుషులు ఉండాల్నా వద్దా?" సార్ ఓపికగా ఆమెకు మొదటి నుంచి చెప్పాడు, ముందు భాగం, వెనక భాగం, జీర, నలగడం. ఆమె గరిటె పట్టుకునే విన్నది.

"పప్పు ఉడికినంక గద పోపు పెట్టేది? మీరు ముందే పోపేసి ఉడకబెడ్తాండ్రు" అన్నది.

"పప్పు మధ్యల మూత తీయరాదు, అదే కథ" అన్నాడు సార్.

"తీయకుండ్రి. దించినంక పెట్టుండ్రి."

సార్ గిటార్ పక్కన పెట్టి ఆమెను చూస్తూ కూర్చున్నాడు. "గీ ముచ్చట మూడు దినాల ముందే చెప్పద్దా?"

"నన్నెవరన్న అడిగిండ్రా?" అని ఆమె లోపలికి పోయింది.

ఆంప్లిఫయరు నుంచి శబ్దం దిగేది స్పీకరులో. స్పీకరు తర్వాత ఉండేది మైకు. మైకు నాది. మర్నాడు సార్ షాపుకు వచ్చి, తన స్పీకరు ముందు నా మైకు ఒకటి పెట్టించాడు. మైకు తీగను ఎకో డబ్బాలోకి, డబ్బా తీగను నా మిక్సరులోకి పెట్టాడు. జీర జీరగానే ఉంది, దాని వెనక జవాబు మెల్లగా, ఒక్కసారి వచ్చింది. ఖుష్ మహల్ నా షాపులోకి వచ్చి కూర్చుంది. ఆయన ఛీ అనలేదు.

ఒక్కటే చిక్కు. డబ్బాను వేదిక మీద ఆయన కాలి దగ్గర పెడితే సీరియల్ బల్బుల కరెంటంతా పొడుగాటి తీగలోకి దిగి గుయ్యిమనేది. డబ్బా నా బల్ల మీదే ఉండాలి, దాన్ని నేనే నొక్కాలి. ఎప్పుడు నొక్కాలో ఆయన చెప్పాలి. రెండు చేతులూ గిటార్ మీద ఉంటాయి కాబట్టి కాలితో చెప్పేవాడు. ఎడమ మడమ చెప్పు మీంచి పైకి లేస్తే ఎకో వెయ్యాలి, దిగితే తియ్యాలి. నేను వేదిక పక్కన బల్ల దగ్గర కూర్చుని పాటంతా ఆయన మడమనే చూసేవాణ్ణి. పగుళ్ళు పట్టిన మడమ. ఆ రెండేళ్ళలో ఆయన ముఖం కంటే నేను దాన్నే ఎక్కువ చూశాను.

ఆ పాటను మాత్రం ఎక్కడా వాయించలేదు. ఇంకా సరైన చోటు రాలేదనేవాడు. ఇంతలో ఆయన ఎడమచేతి వేళ్ళు బిగుసుకోవడం మొదలైంది. రైల్వే దవాఖానలో మందిచ్చారు గాని ఆశ ఇవ్వలేదు. ఒకరోజు వచ్చి కూర్చుని, వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ చెప్పాడు: "గీ సీజన్ ఆఖరు తమ్మీ. పరకాల ప్రోగ్రాముల ఆ పాట వాయిస్త. మీ అక్కను గూడ తీసుకొస్త. ఒక్కసారి నలుగుట్ల అయిపోతే గిటార్ గోడకు తగిలిస్త. నువ్వు జర నా మడమ చూస్కో."

పరకాలలో అది ఏదో వ్యాపారుల సంఘం వార్షికోత్సవం. ఎప్పుడూ ప్రోగ్రాములకు రాని అక్క ఆ సాయంత్రం ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో కూర్చుంది. మొదటి పాటలో సార్ గిటార్‌కు ఎకో వేశాను. వేదిక మీద కుర్చీలో ఉన్న ఒక పెద్దమనిషికి అది నచ్చింది. ఆయన ఆర్కెస్ట్రా యజమాని చెవిలో ఏదో అన్నాడు. యజమాని నా దగ్గరకు వచ్చాడు.

"ఆ డబ్బా ఏదో ఆయన మైకుకు పెట్టు. ఆయన ఖుషీ అయితే వచ్చే సీజన్ అంత మనదే. అన్నిట్ల నీ సెట్టే పెట్టిస్త."

"తర్వాత సార్ ఒక్కడే వాయించేది ఉన్నదన్నా, దానికి కావాలె."

"గిటార్‌కు ఎకో లేకుంటే సస్తడా?"

నేను తీగ పెరికి పెద్దమనిషి మైకుకు పెట్టాను. ఆయన లేచి పరకాల ప్రజలను పిలిచాడు. పిలుపు తిరిగొచ్చింది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఉన్న నాలుగు మాటలూ ఎకోకు జాగా ఇస్తూ అరగంట మాట్లాడాడు. మాట్లాడడం ముగించి కూర్చున్నాడు గాని మైకు చేతిలోంచి వదల్లేదు, మధ్యలో ఇంకో రెండు మాటలు చెప్తానన్నాడు. యజమాని దూరం నుంచి నాకు అరచెయ్యి చూపించాడు, తియ్యకు అని.

సార్ మొదలుపెట్టాడు. మొదటి వరస వాయించి ఆగాడు. మడమ లేచింది.

జవాబు రాలేదు.

రెండో వరస. మళ్ళీ ఆగాడు. మడమ లేచే ఉంది. ఖాళీలో ఏమీ లేదు. జనంలోంచి ఎవడో ఈల వేశాడు. "మర్చిపోయిండే!" అని ఇంకొకడు అరిచాడు, నవ్వులు. సార్ నా వైపు తిరగలేదు. నేను చూసుకుంటానన్న నమ్మకంతో నేలను చూస్తూ మూడో వరస వాయించాడు. ఒక తీగ పెరికి ఇంకోచోట పెట్టడానికి రెండు ఊపిరులు చాలు. నా చెయ్యి బల్ల మీదే ఉంది. కళ్ళు మడమ మీద ఉన్నాయి. అంతసేపు ఎత్తి ఉంచడం వల్ల అది సన్నగా వణుకుతోంది. ఆ వణుకు కూడా నాకు కనపడింది. పాట సగం పాటగా, గోడ లేని పాటగా ముగిసింది. అప్పుడు దించాడు.

తీగలు చుట్టుకుంటుంటే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఎందుకు వెయ్యలేదని అడిగి ఉంటే నిజం చెప్పేవాణ్ణేమో. ఆయన అట్లా అడగలేదు.

"మడమ ఎత్తిన తమ్మీ. కనపడ్డదా?"

"డబ్బా మళ్ళ మీ మైకుకే పెట్టిన సార్. మీ మడమ కొరకే చూసిన. ఇటుదిక్కు చీకటుండె, కనపడలే."

ఛీ అనవలసింది అప్పుడు. ఆయన అనలేదు. నా కళ్ళలోకి వంగి చూశాడు.

"అయ్యో. నీ కండ్లు మంచిగ లేవా? ముందే చెప్పద్దా తమ్మీ?"

వాన్ ఎక్కేముందు ఆయన పోయి ఆర్కెస్ట్రా యజమానితో గొడవపడ్డాడు. పాట చెడిపోయినందుకు కాదు, మైకాయన వైపు ఒక్క బల్బు కూడా పెట్టించనందుకు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. వారం తర్వాత నన్ను రెక్క పట్టుకుని కళ్ళ దవాఖానకు తీసుకుపోయాడు. గోడ మీద అక్షరాల అట్ట. అట్ట కింద దాన్ని అచ్చేసిన వాళ్ళ చిరునామా కూడా నేను చదవగలను. చివరి మూడు వరసలు కనపడడం లేదని చెప్పాను. డాక్టరు లైటు వేసి ఇటూ అటూ చూసి, నన్నొక రకంగా చూసి, ఏదో స్వల్పంగా పవరు రాసిచ్చాడు. ఆ అద్దాలు పెట్టుకుంటే తలనొప్పి వచ్చేది. జేబులో ఉంచుకుని, సార్ సైకిలు చప్పుడు వినపడగానే పెట్టుకునేవాణ్ణి. ఇంతకన్నా నీచమైన వేషం ఏ నాటకంలోనూ చూడలేదు.

నెల తర్వాత నన్ను ఇంటికి పిలిచి ఒక చెక్క పలక చూపించాడు. దాని మీద కాలింగ్ బెల్లు స్విచ్చి బిగించి ఉంది. దాన్నుంచి పొడుగాటి తీగ, తీగ చివర పాత రేడియోలోంచి తీసిన చిన్న బల్బు, ఎర్ర కాగితం చుట్టి. మడమతో పలక నొక్కితే నా బల్ల మీద బల్బు వెలుగుతుంది. బిగుసుకుపోయిన వేళ్ళతో అతకడంలో రెండు చోట్ల కాల్చుకున్నాడు. వరండాలో ఆయన నొక్కాడు.

"ఇప్పుడు కనపడ్తాందా?"

"కనపడ్తాంది సార్."

ఆ బల్బు ఏ ప్రోగ్రాములోనూ వెలగలేదు. ఆ సీజన్ ముగిసేసరికి ఆయన వేళ్ళు తీగ నొక్కలేకపోయాయి. గిటార్ గోడకెక్కింది. ఆర్కెస్ట్రాలో ఆయన చోట కీబోర్డు వచ్చింది. వచ్చే సీజన్ అంతా నీదేనన్న యజమాని ఇంకొకడి సెట్టు పెట్టుకున్నాడు. నన్ను నేను ఎంత చవగ్గా అమ్ముకున్నానో అప్పుడు తెలిసింది.

సార్ మాత్రం రావడం మానలేదు. ఇంటి వెనక నల్లా నీళ్ళు పోయేచోట పొన్నగంటి కూర వేశాడు, కళ్ళకు మంచిదని. వారం వారం ఒక కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. "పెసరపప్పుల ఏస్కో. ఫికర్ చెయ్యకు, చూపు మెల్లమెల్లగ వస్తది." నాలుగేళ్ళు తిన్నాను ఆ కూర. ఒక్క ముద్ద కూడా నోటికి హితవు కాలేదు. కూర తప్పు కాదది. ప్రతి వారం ఈసారి చెప్పేస్తాననుకునేవాణ్ణి. ఆయన రాగానే, "ఎట్లున్నయి కండ్లు?" అనేవాడు. జర నయమే సార్, అనేవాణ్ణి.

మట్టి రోజు నేను చేతులూపుకుంటూ పోయాను. స్కూటరాయన కోరిన సెట్టు ఎవరిదో వచ్చింది, కోరిన ఎకో కూడా వచ్చింది. పాస్టర్ గారు పాపం మంచి మాటలే చెప్పినట్టున్నారు. ఒక్కటి అర్థమైతే ఒట్టు. తర్వాత ఆర్కెస్ట్రా యజమాని మైకు తీసుకున్నాడు. సార్ తనకు తోడబుట్టినవాడితో సమానమన్నాడు. ఆ అబద్ధం ఒక్కసారి వినడమే కష్టం, ఐదుసార్లు వినపడింది. పెట్టెలో సార్ నిశ్శబ్దంగా పడుకుని ఉన్నాడు. ఛీ అనడానికి అక్కడ ఇంకెవరూ లేరు.

నేను పోయి మిక్సరు మీద ఎకో మీట సున్నాకు తిప్పాను.

"ఏందే, వాళ్ళే పెట్టుమన్నరు" అన్నాడు మైకాయన.

"ఎవలన్న అడిగితే నన్ను చూపెట్టు."

యజమాని గొంతు ఒక్కసారిగా సన్నగా, బోడిగా బయటికొచ్చింది. ఆయన కంగారుపడి మైకు మీద తట్టాడు, ఉఫ్‌ఫని ఊదాడు.

"ఊదొద్దు, అది పొయ్యి గాదు!" అని అరిచాను. అందరూ నా వైపు తిరిగారు. చర్చి పెద్ద ఒకాయన పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. ఏదో ఘనకార్యం చేశానని మీరనుకోవద్దు. ఆ మీట తిప్పడానికి నాకు రెండు ఊపిరులు పట్టింది. పరకాలలోనూ అంతే పట్టేది.

మూడో రోజు మధ్యాహ్నం మడికొండ పోయాను. గోడకు గిటార్, దాని కింద ఆంప్లిఫయరు గుడ్డ కప్పి ఉంది. దానికి ఎక్కడా కోసిన రంధ్రం ఒక్కటి లేదు. అక్క లోపలి నుంచి పొన్నగంటి కట్ట తెచ్చి నా ముందు పెట్టింది.

"నువ్వస్తవని కోసి పెట్టిన. తమ్మికి ఆపకు అని చెప్పిపోయిండు."

ఇక ఆగలేకపోయాను. "అక్కా, ఆ పరకాలల..."

"పరకాల ముచ్చట ఎందుకు తీస్తవు?" అన్నది. "కనపడకుంటె నువ్వేం జేస్తవు తమ్మీ? నీ మీద ఆయనకు ఏం లేకుండె. ఆఖరి దినం గూడ గదే అన్నడు. లైటు నేను ముందే పెట్టియ్యకపోతి, తప్పు నాదే, అని."

నేను పొన్నగంటి కట్ట చేతిలోకి తీసుకున్నాను.

ఈ పత్రిక అక్కకు నెలనెలా పోతుంది, ఆమె మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతుంది. అందుకే రాస్తున్నాను. అక్కా, నా కళ్ళు బాగానే ఉన్నాయి. అప్పుడూ బాగానే ఉన్నాయి. మడమ లేవడం చూశాను, వణకడం చూశాను. ఎదురుగా కూర్చుని చెప్పలేనివాడు అచ్చులో చెప్పడం కూడా పిరికితనమేనని నాకు తెలుసు.

ఆ మధ్యాహ్నం వస్తానని లేచాను. వరండా నుంచి కిందికి ఒక్కటే మెట్టు. దాని పక్కన గోడకు మోకాలెత్తులో ఒక బల్బు ఉంది. పోయినేడాది నా కోసమే పెట్టాడు సార్. అక్క స్విచ్చి వేసింది. బయట మిట్టమధ్యాహ్నం ఎండ, ఆ ఎండలో బల్బు వెలిగింది. ఆమె వచ్చి నా రెక్క పట్టుకుంది.

"జర చూసి తమ్మీ, మెట్టున్నది."

మెట్టు కనపడుతోంది. మెట్టు అంచున పెచ్చు ఊడిన చోటు, ఆ పెచ్చులో పోతున్న చీమలు, బల్బు లోపల ఎర్రగా ఉన్న సన్నటి తీగ, అన్నీ కనపడుతున్నాయి. ఆమె చెయ్యి పట్టుకుని, కాలితో తడుముకుంటూ దిగాను.